అన్నం పెట్టని దుకాణం

తెలుగువాడు తిన్నదాన్ని రెండు ఖాతాల్లో రాసుకుంటాడు. ఒకటి అన్నం, రెండోది టిఫిన్. పొద్దున్నే అరడజను ఇడ్లీలు, పైన ఒక పెసరట్టు లాగించినా, మధ్యాహ్నం ఎవరైనా ‘భోంచేశారా?’ అంటే ఇంకా లేదనే చెబుతాడు. ఈ లెక్కతో జపాన్ వెళ్లినా పెద్ద ఇబ్బంది ఉండదు. వాళ్లూ మనలాగే బియ్యం మనుషులు. చిక్కల్లా గ్యోజా దగ్గర వస్తుంది.

పలచటి గోధుమపిండి బిళ్లలో కూర పెట్టి, అంచు మడిచి, పెనం మీద వేయించేది గ్యోజా. ఇప్పుడు హైదరాబాద్‌లో సందుసందునా దొరికే మోమోకి దూరపు చుట్టం. టోక్యోలో రామెన్ కొట్లలో పక్కవాయిద్యంలా ఉంటుంది. గ్యోజా తెయిషోకు అని అడిగితే ఒక పళ్లెం గ్యోజాలు, ఒక గిన్నె అన్నం, సూపు, ఊరగాయ తెచ్చి పెడతారు. అంటే అన్నంలోకి నంజుకునేదన్నమాట. చైనావాళ్లకు ఇది వింత. ఉత్తర చైనాలో మందపాటి పొరతో చేసి నీళ్లలో ఉడికించుకుంటారు, అక్కడ అదే భోజనం. అన్నంతో కలిపి తినడం వాళ్ల కంటికి భోజనంలో భోజనం నంజుకోవడమే.

టోక్యో నుంచి షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో ఉత్తరంగా ఓ 50 నిమిషాలు వెళ్తే ఉత్సునోమియా వస్తుంది. స్టేషన్ బయట గ్యోజా పొర కప్పుకున్న వీనస్ రాతి విగ్రహం ఉంది. 1994లో చేయించారు. 2008లో చోటు మారుస్తుంటే విరిగిపోతే, అతికించి మళ్లీ నిలబెట్టారు. అందగత్తె అనలేం గానీ ఊరి ఉద్దేశం మాత్రం అర్థమవుతుంది. ఇక్కడ మసాషి అనే పేరున్న కొట్లలో దొరికేవి రెండే: యాకి, సుయి. వేయించినవి, ఉడికించినవి. అన్నం లేదు, బీరూ లేదు. అక్కడి వరస చూసి జడిసి, పక్క సందులో అదే బాట పట్టిన ఇంకో చిన్న కొట్లో దూరాం. టోక్యోలో నిషి కసాయి అనే పేటలో ఉద్యోగం చేసుకుంటున్న మా పిన్ని కొడుకు వెంట ఉన్నాడు. గోడ మీద బోర్డు అటూ ఇటూ చదివి, ‘ఇక్కడ తినేశాక భోజనం ఎక్కడ చేద్దాం అన్నయ్యా?’ అన్నాడు.

బల్లకు అవతల ఒక పెద్దావిడ గ్యోజాలు మడుస్తోంది. ఎడమ అరచేతిలో బిళ్ల, మధ్యలో కాస్త కూర, అంచుకు వేలితో తడి. ముందువైపు అంచును మాత్రమే కుచ్చిళ్లు పెట్టి వెనకవైపు అంచుకు అదుముతుంది. కుచ్చిళ్లన్నీ ఒకే వైపు పడేసరికి ముద్ద నెలవంకలా వంగుతుంది. ఆ వంపు వల్లే పెనం మీద పక్కకు ఒరిగిపోకుండా పొట్ట ఆనించి కూర్చుంటుంది. మా అమ్మమ్మ కజ్జికాయ అంచు మడిచేటప్పుడు వేళ్లు ఇలాగే నడిచేవి. పని మాత్రం వేరు. కజ్జికాయ మడత నూనెలో నోరు తెరవకుండా కాపలా. ఇక్కడ మడత కాపలా కాస్తూనే పీట కూడా వేస్తుంది. కజ్జికాయలకు అచ్చులొచ్చినట్టే గ్యోజాలకూ ప్లాస్టిక్ అచ్చులొచ్చాయి. ఇక పెద్ద కంపెనీలవైతే యంత్రాలే మడుస్తాయి. కూర రుచిలో తేడా కనిపెట్టడం కష్టమే. కొరికినప్పుడు తెలుస్తుంది. చేత్తో మడిచినదానికి ఒకచోట పొర దళసరి, ఒకచోట పలచన. ప్రతి ముక్కా కాస్త వేరుగా తగులుతుంది.

వేయించడంలో కిటుకు నీళ్లలో ఉంది. ఇనప పెనం మీద నూనె రాసి, గ్యోజాలను వరసగా పేర్చి, వేడినీళ్లు పోసి మూత పెడతారు. ముందు ఆవిరికి ఉడుకుతాయి. నీళ్లు ఇంకాక మిగిలిన నూనెలో అడుగు వేగుతుంది. చప్పుడు బుడబుడ నుంచి చిటపటలోకి దిగగానే మూత తీసేస్తారు. ఎర్రగా వేగిన అడుగు పైకి వచ్చేలా తిరగేసి పళ్లెంలో పెట్టారు. అడుగు కరకర, వీపు మెత్తన, లోపల పొగలు కక్కే క్యాబేజీ. ఈ ఊరి గ్యోజాలో మాంసం కన్నా క్యాబేజీదే పెత్తనం, అందుకే తేలిగ్గా ఉంటుంది. ఉన్న మాంసం పందిది. తినని వాళ్లు ముందే అడిగి తెలుసుకోవాలి. అల్లం వెల్లుల్లి కలిసిన వాసన ముక్కుకు తగిలాక మన నోటికి పరాయితనం పోతుంది. కారం మాత్రం రాయు అనే మిరపనూనెలోనే దొరుకుతుంది. సోయా, వెనిగర్, రాయు ఎవరి పాళ్లు వాళ్లే చిన్న గిన్నెలో కలుపుకోవాలి. మా వాడి గిన్నెలో సోయా కనపడలేదు, అంతా ఎరుపే. ఉడికించినవి వేడినీళ్ల గిన్నెలో తేలుతూ వస్తాయి. ఆ నీళ్లలోనే సోయా, వెనిగర్, రాయు కలిపితే చారు అవుతుంది, ఎత్తుకుని తాగేయడమే.

అన్నం లేకపోవడమే మేలని రెండో పళ్లెంలో తెలిసింది. అంత పలచటి పొరకు తనదైన రుచి ఒకటుంది. అన్నం పక్కన ఉంటే దాన్ని మింగేస్తుంది.

అయినా ఈ వంటకం జపాన్‌లో పాతుకుపోవడానికి బియ్యం కరువే ఒక కారణం. ఉత్సునోమియాలో సైన్యం 14వ డివిజన్ ఉండేది. అందులోవాళ్లు ఈశాన్య చైనాలోని మంచూరియా వెళ్లి ఈ రుచి మరిగి వచ్చారని ఊరివాళ్లు చెబుతారు. 1945 ఓటమి తర్వాత మంచూరియా నుంచి జపాన్ జనం తట్టాబుట్టా సర్దుకుని తిరిగొచ్చారు. ఇక్కడ బియ్యానికి కటకట. అమెరికా గోధుమపిండి మాత్రం దొరికేది. తిరిగొచ్చినవాళ్ల చేతికి తెలిసిన విద్య గ్యోజా. అన్నం దొరకని రోజుల్లో ఆకలి తీర్చినది, బియ్యం రాశులు పడ్డాక అన్నం పక్కన నంజుకునేదిగా మారింది. ఓడిన సైన్యం వెంట వచ్చిన తిండిని ఊరి ప్రతిష్ఠగా నిలబెట్టడం చిన్న విషయమేమీ కాదు. యుద్ధం సంగతి మాత్రం విగ్రహం దగ్గర ఎవరికీ గుర్తు రాదు.

ఆ ప్రతిష్ఠ కూడా ఒక ప్రభుత్వ లెక్కల పుస్తకం మీద నిలబడింది. జపాన్ ప్రభుత్వం కుటుంబాల ఖర్చుల సర్వే చేస్తుంది. అందులో గ్యోజాకు ఏ ఊరి ఇల్లు ఎంత ఖర్చు పెట్టిందో కూడా ఉంటుంది. తమ ఊరిదే మొదటి స్థానమని గమనించిన ఉత్సునోమియా నగరపాలక సంస్థ దాన్నే పట్టుకుని ఊరికి పేరు తెచ్చింది. 2011లో హమమత్సు అనే ఊరు పైకి వచ్చింది. అక్కడ గ్యోజాలను చక్రంలా పేర్చి నడుమ ఉడికించిన మొలకలు పెడతారు. రెండు ఊళ్లూ ఇలా సిగపట్లు పడుతుంటే 2021లో దక్షిణాది నుంచి మియాజాకి వచ్చి మొదటి స్థానం పట్టుకుపోయింది.

తమాషా ఏమిటంటే, ఆ లెక్కలో కొట్లో కూర్చుని తిన్నవి చేరవు. ఫ్రీజర్లో గడ్డకట్టినవీ చేరవు. కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్లిన తాజావే చేరతాయి. అంటే మా అన్నదమ్ములం అంత కష్టపడి తిన్నా ఉత్సునోమియాకు ఒరిగిందేమీ లేదు. ఈ సంగతి చెబితే మా వాడు జాలిపడి ఒక పొట్లం పచ్చివి కట్టించాడు. అదీ దండగే. సర్వే వాళ్లు ఎంచుకున్న ఇళ్లు కొంటేనే లెక్క, అందులోనూ ఏ ఊరి ఇల్లయితే ఆ ఊరి ఖాతాకే. వీడి ఇల్లేమో టోక్యోలో.