లోపలి పట్టిక

మా ఊరు పెడన. టేకు చెక్కపై చెక్కిన అచ్చులతో వస్త్రాలపై పూలూ తీగలూ అద్దే కలంకారీ కళకు పేరెన్నికగన్న ఊరు. 2006లో అక్కడి అద్దకశాల ఒకదానికి కూలి లెక్కలు కట్టే ప్రోగ్రాం రాసి ఇచ్చాను. పనివారికి వారం వారం కొంత సొమ్ము ఇచ్చి, మిగిలిన కూలి సంవత్సరాంతంలో తేల్చడం ఆ అద్దకశాల పద్ధతి.

సంవత్సరంలోని తేదీలన్నీ వరుసగా రావాలంటే ముందుగా వరుస సంఖ్యలు కావాలి. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ తన సొంత అవసరాలకు ఉంచుకొన్న ఎస్‌పీటీ వ్యాల్యూస్ అనే లోపలి పట్టికలో అవి సిద్ధంగా కనిపించాయి. ఆ పట్టికను ఇతరులు వాడుకోవచ్చునని తయారీదారులు ఎక్కడా రాయలేదు. అయినా చేతికందిన సౌకర్యాన్ని వదులుకోలేకపోయాను. నా కంప్యూటరులో ఉన్నది ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005. అందులో ఆ సంఖ్యలు సున్నా నుండి 2047 వరకు ఉన్నాయి. సంవత్సరానికి 365 రోజులే గదా అని నిశ్చింతగా ఉన్నాను.

అద్దకశాలలో ఉన్నది అంతకు ముందటి 2000 వెర్షను. అందులో ఆ సంఖ్యలు 255తోనే ముగుస్తాయి. 2007 మార్చి చివర లెక్క తీయగా, ఏప్రిల్ 1న మొదలైన తేదీలు 256 రోజులకు, అనగా డిసెంబరు 12తో ఆగిపోయాయి. పొరపాటు జరిగినట్లు కంప్యూటరు చెప్పలేదు. కాగితంపై మొత్తాలు మాత్రం అందంగా అచ్చయినాయి.

ఆ కాగితం ప్రకారం, నలభై ఏళ్లుగా అచ్చు పట్టిన ఒక వృద్ధుడు యజమానికే బాకీ పడ్డాడు. ఆయన కోపగించలేదు. సంచిలోనుండి నలిగిన చేతిపుస్తకం తీసి, "సంక్రాంతి తరువాత నేనద్దిన దుప్పట్లన్నీ ఎటుపోయాయి, అబ్బాయీ?" అని అడిగాడు. సిగ్గుతో తల వంచుకొన్నాను. ఆ పుస్తకమే లేకుంటే మూడున్నర నెలల శ్రమ మాయమై ఉండేది. అలాంటి పుస్తకం లేని పనివారి మాటేమిటి?

ఆ రాత్రే సంఖ్యల పట్టికను నేనే తయారుచేసి ప్రోగ్రాంలో చేర్చాను. పట్టుమని పది పంక్తుల పని. మరునాడు అందరి లెక్కలూ సరిపోయాయి.

సాఫ్ట్‌వేరును నిందించలేను. అది మాట తప్పలేదు. అది ఇవ్వని మాటను నమ్మినవాణ్ణి నేను. లోపలి అమరికను మార్చుకొనే స్వేచ్ఛ తయారీదారులకు ఎప్పుడూ ఉంటుంది. 2000 వెర్షనులో వ్యవస్థ పట్టికలను నేరుగా దిద్దే వీలుండేది. 2005 వెర్షనులో ఆ ద్వారం మూసి, చూడదగిన సమాచారాన్ని వేరుగా, వివరణలతో సహా అందించారు. పాత దారిని నమ్ముకొన్నవారు తమ ప్రోగ్రాములను తిరగరాసుకోవలసి వచ్చింది.

నేటికీ సులువైన అడ్డదారి ఏదైనా కంటబడితే, నలిగిన ఆ చేతిపుస్తకం నాకు గుర్తుకు వస్తుంది.