మగ్గము చెప్పు పాఠము

కంప్యూటరు శాస్త్రమనగానే పెక్కు బడులలో మొదట నేర్పునది దాని భాగముల పేర్లు. ఇది కీబోర్డు, ఇది మౌసు అని విద్యార్థి వల్లించును. మార్కులు వచ్చును, ఆసక్తి మాత్రము రాదు. వంట నేర్వవచ్చిన వానికి గిన్నెల పేర్లు చెప్పి పంపినట్లుండును. ఇంటిలో కంప్యూటరు లేని పిల్లవాడు ఆ విద్య తనవంటి వానికి కాదని తలచి దూరముగా తొలగును. అసలు నష్టమదియే.

పాండవుల మెట్టతోపాటు పట్టునేతయు పెద్దాపురమునకు పేరు తెచ్చినది. తెలుగునాట చీరల అంచులపై పువ్వులు నేయు మగ్గములకు తరచుగా జకార్డు అను సాధనము అమర్చబడి యుండును. రంధ్రములు గల అట్టలు దానినుండి దండవలె వ్రేలాడుచుండును. పేక యొకసారి పోవుటకు ముందు పడుగులోని పోగులలో ఏవి పైకి లేవవలయును, ఏవి క్రిందనే నిలువవలయును? నేతగాడు ప్రతిసారి ఆలోచించుచు కూర్చుండడు, అట్ట చెప్పును. రంధ్రమున్నచోట సూది దూరును, పోగు లేచును. లేనిచోట అట్ట సూదిని వెనుకకు నెట్టును, పోగు లేవదు. ఒక్కొక్క పేకకు ఒక్కొక్క అట్ట. అట్టలన్నియు తిరిగి మొదటిది వచ్చినపుడు అదే మామిడిపిందె అంచుపై మరల మొలచును.

ఉన్నది, లేదు: ఈ రెండు మాటలే. వీనినే కంప్యూటరు ఒకటి, సున్న యనును. ఒక చోటికి రెండు విధములు, రెండు చోట్లకు నాలుగు, ఎనిమిది చోట్లకు 256. మన ‘అ’కారమునకు యూనికోడు పట్టికలో 3077 అను సంఖ్య కలదు, అదియు లోపల ఇట్టి ఒకట్ల, సున్నల వరుసయే.

ఈ సాధనమును ఫ్రాన్సు దేశమున జోసెఫ్ మారీ జకార్డు 1804 ప్రాంతమున రూపొందించెను. ముప్పది యేండ్లు గడచిన పిమ్మట ఇంగ్లండులో చార్లెసు బాబేజి తాను తలపెట్టిన గణన యంత్రమునకు అట్టి అట్టలనే ఎన్నుకొనెను. ఆ యంత్రము పూర్తి కాలేదు. అయినను 1843లో ఏడా లవ్‌లేసు అను వనిత అది ఎట్లు లెక్క కట్టవలయునో మెట్టుమెట్టుగా వ్రాసి ప్రకటించెను. యంత్రము పుట్టకమునుపే ఆజ్ఞలు పుట్టినవి! ఈ ముక్క పిల్లలకు తప్పక చెప్పవలయును.

దూరదేశపు కథయని పెదవి విరచువారికి దగ్గరి కథయు కలదు. నాటి చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డి చిన్ననాట ఇసుకలో అక్షరములు దిద్దెను. మనిషి మాటను యంత్రము గ్రహించునట్లు చేయు పరిశోధనలో ఆయన అగ్రగణ్యుడై, 1994లో ట్యూరింగు పురస్కారమును మరియొకరితో కలిసి పొందెను.

తరగతిలో గళ్ల కాగితము చాలును. నింపిన గడి ఒకటి, నింపని గడి సున్న. ఒకడు పువ్వు గీసి అంకెలుగా చదువును. వెనుదిరిగి కూర్చున్నవాడు వినుచు గళ్లు నింపును. రెండు పువ్వులు ఒకటి కానిచో వాదము పుట్టును. తప్పు చదివినవానిదా, విన్నవానిదా? ఉపాధ్యాయుడు తొందరపడి తీర్పు చెప్పరాదు. పిమ్మట వారిని మగ్గము వద్దకు తీసికొనిపోయి, అట్ట యొకటి తారుమారైనచో ఏమగునని నేతగానినే అడుగనీయవలయును. పువ్వు ఏ పేక వద్ద చెడినదో చూచి, అక్కడినుండి అట్టలను వెనుకకు లెక్కించుచు పోయి ఆ యొక్క అట్టను పట్టుకొనవలయును. కంప్యూటరు ముందు కూర్చున్నవాడు తన ఆజ్ఞలలో తప్పు వెదకుటయు ఇట్లే.