తమ్మిలేరు మోసుకుపోయే కర్బనం

విస్సన్నపేట మామిడి రైతుకు సేంద్రియ కర్బనం కొత్త మాట కాదు. భూసార పరీక్ష కార్డులో నత్రజని, భాస్వరం, పొటాష్‌ల సరసన అదీ ఉంటుంది. అది పెరగాలనే పశువుల ఎరువు తోలతారు, జీలుగ చల్లి పూతకొచ్చాక కలియదున్నుతారు. అందులో కొంత వానకు కరిగి వాగు దారి పడుతుంది. ఆ దారి వెంట నడిస్తే కొల్లేరు దాకా ఒక కథ ఉంది.

ఊరికి తూర్పున చాట్రాయి దాటితే తమ్మిలేరు. సత్తుపల్లి దగ్గరి బేతుపల్లి చెరువు వైపు నుంచి దిగి వస్తుంది. ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపించే ఏరు ఇది. మామిడి కోతలు ముగిసి తొలకరి పడగానే, వేసవంతా రాలి ఎండిన ఆకు నాని, దాని రసం తొలి వరదతో కదులుతుంది. ఆ వరద నీటి ఎరుపు మాత్రం మట్టిది. బిందెలో ఇండుప గింజ అరగదీసి కలిపితే మట్టి అడుక్కి దిగిపోతుంది. ఆకు రసంలోని కర్బనం అలా దిగదు. 0.45 మైక్రాన్ల వడపోతలోంచి కూడా జారిపోయేదే కరిగిన సేంద్రియ కర్బనం. అది ఎక్కువైన నీరు పలుచటి టీ డికాక్షన్ రంగులో ఉంటుంది. మన ఎర్ర నేలల్లోని ఇనుము దాన్ని చాలావరకు పట్టి ఉంచుతుంది, అదే మన అదృష్టం.

ఉత్తర ఐరోపాలో, ఉత్తర అమెరికాలో నేల పట్టు సడలింది. 1990 నుంచి 2004 వరకు 522 సరస్సుల, వాగుల కొలతలను పరిశీలించిన శాస్త్రవేత్తలు 2007లో నేచర్ పత్రికలో కారణం చెప్పారు. బొగ్గు పొగలోని గంధకం తగ్గి ఆమ్ల వర్షాలు తగ్గాయి, దాంతో నేల తన కర్బనాన్ని తేలిగ్గా వదులుతోంది. గాలి బాగుపడితే నీటి రంగు ముదిరిందన్నమాట! ఏళ్ల తరబడి అవే చోట్ల నీళ్లు పట్టి పరీక్షించబట్టే ఈ సంగతి తేలింది.

చింతలపూడి మండలం నాగిరెడ్డిగూడెం జలాశయంలో తమ్మిలేరు ఆగుతుంది. అక్కడ ఎండ పాత కర్బనపు రంగును విరగ్గొడుతుంది, నాచు కొత్త కర్బనాన్ని పుట్టిస్తుంది. దిగువన శివరాత్రికి భక్తులు మునిగే బలివే. ఆపైన ఏలూరు, అక్కడ ఏరు రెండు పాయలై ఊరి మురుగును కలుపుకుని కొల్లేరులో పడుతుంది.

తోటల నుంచి వచ్చే కర్బనం నిదానంగా కుళ్లేది. కొల్లేటి చేపల చెరువుల్లో పడే తవుడు, చెక్క, కోళ్ల ఎరువు త్వరగా కుళ్లి నీటిలోని ప్రాణవాయువును లాగేస్తాయి. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో చిత్తడి నేలల రామ్సర్ జాబితాకెక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు తెంచారు. ఇన్ని మలుపులు తిరిగిన సరస్సును మనం ఎక్కువగా బీవోడీతో, అంటే కుళ్లేటప్పుడు ఖర్చయ్యే ప్రాణవాయువు లెక్కతో, అంచనా వేస్తున్నాం. 27 డిగ్రీల వేడిలో 3 రోజులుంచి చేసే ఆ పరీక్షకు త్వరగా కుళ్లేదే దొరుకుతుంది. నిదానపు కర్బనం దాని కంట పడదు. అదే కర్బనం మంచినీటి చెరువులో చేరితే, శుద్ధికి కలిపే క్లోరిన్‌తో కూడినప్పుడు ట్రైహాలోమీథేన్లనే హానికర రసాయనాలు పుడతాయి. ఆ నీళ్లు తాగే పిల్లల కోసమైనా ఈ నిదానపు కర్బనాన్ని విడిగా కొలవాలని గట్టిగా అడుగుతాను.

కొల్లేరు నుంచి ఉప్పుటేరు 60 కిలోమీటర్లు పారి బంగాళాఖాతం చేరుతుంది. ఉప్పు తగలగానే రంగు కర్బనంలో కొంత ముద్దకట్టి అడుగున దిగుతుంది, మిగతాది సముద్రానికి పోతుంది. మన దేశపు రుతుపవన నదులు సముద్రానికి ఎంత కర్బనం చేరవేస్తాయో విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు ఇప్పటికే కొలిచారు. చదువు, పరికరం రెండూ మన రాష్ట్రంలోనే ఉన్నాయి. జలాశయం తూము దగ్గర, బలివే రేవులో, ఏలూరు దిగువన, ఉప్పుటేరు మొగలో నెలకోసారి నీళ్లు పట్టి, ఇరవై ఏళ్లు ఆపకుండా లెక్క రాయాలి. ఈ తొలకరికే మొదలుపెట్టాలి.