ఆకలి యెచ్చట పుట్టును?

భీమసేనునకు వృకోదరుడను నామాంతరము కలదని భారతము చదివిన మనకు తెలిసినదే. అతని తిండిని విని మెచ్చుకొందుము. ఇంటి యాడుది స్థూలకాయయైనచో మాత్రము, నోరు కట్టుకొనలేదని దెప్పుదుము. ఆకలి నోటి దోషమా, ఉదరము చేయు పనియా యని మేము విచారింపవలసిన సందర్భ మొకటి కలిగినది. తాండూరున కాపురమున్న మా ఆడబిడ్డ మధుమేహముతోను, మోకాళ్ల నొప్పులతోను చిరకాలము బాధపడి, హైదరాబాదున బైపాస్ అను ఉదర శస్త్రచికిత్స చేయించుకొన్నది.

చికిత్సకు మున్ను, 2015లో అమెరికాలో మరణించిన చలనచిత్ర నటి ఆర్తీ అగర్వాలు పేరెత్తి బంధువులు భయపెట్టిరి. ఆమె మరణమునకు కొన్ని వారములకు మున్ను చేయించుకొన్నది చర్మము క్రింది క్రొవ్వును పీల్చివేయు లైపోసక్షన్ అని పత్రికలు వ్రాసినవి. అది వేఱు, ఇది వేఱు. దానివలన ఉదరము పని మాఱదు, దీనివలన మాఱును.

పెద్దవారి జీర్ణాశయము భోజనవేళ సాగి లీటరు వఱకు పట్టును. స్లీవ్ అను పద్ధతిలో అందు ముప్పాతికకు పైగా కోసి తీసివేయుదురు. మిగిలినది అరటికాయవంటి గొట్టము. అయితే తగ్గునది చోటు మాత్రమే కాదు. జపాను శాస్త్రజ్ఞులు 1999లో కనుగొన్న గ్రెలిన్ అను హార్మోను మెదడునకు ఆకలి కబురు పంపును. అది విశేషముగా జీర్ణాశయపు పైభాగముననే పుట్టును. ఆ భాగము పోవుటచే ఆకలియే మందగించును.

బైపాస్ పద్ధతికి అమెరికా వైద్యుడు ఎడ్వర్డు మేసన్ 1966లో నాంది పలికెను. ఇప్పుడు చేయు విధమున, జీర్ణాశయపు పైకొసన చిన్న సంచిని మాత్రము వేఱుచేసి, చిన్నప్రేగును దానికి కలుపుదురు. మిగిలిన భాగము లోపలనే యుండును గాని అన్నము దానిలోనికి పోదు. అన్నము త్వరగా ప్రేగుల దిగువకు చేరుటచే, చాలునని మెదడునకు తెలుపు హార్మోనులు హెచ్చును. అందుచేతనే పెక్కుమందికి బరువు బాగుగా తగ్గకమునుపే రక్తములోని చక్కెర అదుపునకు వచ్చును.

ఈ మేలు ఊరక రాదు. శస్త్రచికిత్స యనగా రక్తస్రావము, కుట్లయొద్ద కారుట మున్నగు అపాయము లుండనే యున్నవి. ఇనుము, సున్నము, బీ12 విటమిను చాలినంత యొంటబట్టవు గనుక యావజ్జీవము మాత్రలు, రక్తపరీక్షలు తప్పవు. పిల్లలను కోరువారు పండ్రెండు మొదలు పదునెనిమిది నెలల వఱకు ఆగవలెను.

గత సంక్రాంతికి ఆడబిడ్డ వికారాబాదునకు వచ్చినది. మా అత్తగారు ప్రేమతో రెండు భక్ష్యములు వడ్డించి, తినువఱకు లేవనీయలేదు. కొంతసేపటికే ఆమెకు చెమటలు పట్టి, గుండె దడదడలాడి, మంచము పట్టినది. తీపి ఒక్కుమ్మడిగా ప్రేగులోనికి దిగుటచే కలుగు ఈ బాధను వైద్యులు డంపింగ్ అందురు. “అమ్మా, నీ చేతివంట చేదై కాదు, నాలో చోటు లేదు” అని ఆమె కన్నీరు పెట్టుకొన్నది. అత్తగారు మాఱుమాటాడలేదు. మఱునాడు చిన్నగిన్నెలో తాండూరు కందిపప్పు మెత్తగా నుడికించి, అన్నమునకు ముందుగా పెట్టిరి. మాంసకృత్తులు ముందు, అన్నము తరువాత, నీరు అరగంట ఆగి. ఇదియే వైద్యుల నియమము.

మన యిండ్లలో ఇల్లాలు అందఱకును వడ్డించి, కడపట మిగిలినది వృథాయగునని గబగబ మ్రింగును. ఈ చికిత్స పొందిన స్త్రీకి ఆ యలవాటు ప్రమాదకరము. ఆమెను వేళకు కూర్చుండనీయుడు, మెల్లగా నమలనీయుడు, చాలునన్నప్పుడు నమ్ముడు. బలవంతపు వడ్డన మర్యాదయని తలపకుడు. వైద్యుని పని ఒక పూటలో ముగియును. ఇంటివారి పని ఆమె జీవించినంత కాలము నుండును.