ఏ యూనిట్ ఎక్కడ చెల్లుతుంది

కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో ట్రాన్స్‌ఫర్ కౌన్సిలర్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడ రెండేళ్ల చదువు ముగించి యూనివర్సిటీలో మూడో ఏడాదిలో చేరాలనుకునేవాళ్లకు దారి చూపడం నా పని. పద్దెనిమిదేళ్ల పిల్లలు వస్తారు, నలభై దాటినవాళ్లూ వస్తారు. ఫ్రీమాంట్, మిల్పిటాస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎక్కువ కాబట్టి నా గదిలో తెలుగు తరచుగానే వినిపిస్తుంది. పెద్దవాళ్లు కూర్చోగానే అడిగేది ఒకటే: "ఈ వయసులో నన్ను తీసుకుంటారా అండీ?"

తీసుకుంటారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో గానీ, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో గానీ ప్రవేశానికి వయోపరిమితి లేదు. పైగా ఆ సీటు ఎవరో దయతో ఇచ్చేది కాదు. 1960లో క్లార్క్ కెర్ నాయకత్వాన తయారైన మాస్టర్ ప్లాన్, హైస్కూల్లో పై ఎనిమిదో వంతు విద్యార్థులను యూసీకి, పై మూడో వంతును స్టేట్ యూనివర్సిటీకి అర్హులుగా పెట్టింది. కమ్యూనిటీ కాలేజీ తలుపులు అందరికీ తెరిచింది. వాటి నుంచి వచ్చేవాళ్లకు చోటుండాలని, యూనివర్సిటీల్లో మొదటి రెండేళ్ల విద్యార్థులు నూటికి నలభై మందిని మించకూడదని సూచించింది. ఇవాళ రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. రాష్ట్రవాసులకు ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు. హెచ్‌4 వీసా మీదున్నవాళ్లు కూడా ఏడాదికి పైగా ఇక్కడే ఉంటూ, స్థిరపడే ఉద్దేశానికి కాగితాలు చూపగలిగితే ఇదే ఫీజుతో చదువుకోవచ్చు. ఈ సంగతి తెలియక ఏళ్లు పోగొట్టుకున్న ఆడవాళ్లను చూశాను.

కాబట్టి వయసు దగ్గర నేను ఆగను. నేను అడిగేది, ఇప్పటిదాకా ఏ కోర్సులు చేశారు, ఏ వరుసలో చేశారు అని.

తెనాలి నుంచి వచ్చిన ఒకావిడ విషయం చెబుతాను. బీఎస్సీ రెండో ఏడాదిలో పెళ్లయింది, చదువు ఆగింది. చాలా ఏళ్లకు గ్రీన్ కార్డు వచ్చింది, ఈలోగా పిల్లలు ఎదిగారు. మా కాలేజీలో వీలున్నప్పుడల్లా ఒక్కో క్లాసు తీసుకుంటూ వచ్చారు: అకౌంటింగ్, ఫొటోగ్రఫీ, సైకాలజీ, చరిత్ర. అన్నిట్లో మంచి గ్రేడ్లే. ట్రాన్స్‌ఫర్‌కు కావలసిన 60 సెమిస్టర్ యూనిట్లు దగ్గరపడ్డాయి. కంప్యూటర్ సైన్స్ చదవాలని కోరిక. ఇద్దరం కలిసి అసిస్ట్ వెబ్‌సైటు తెరిచాం. ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో రాష్ట్రం అందులో పెడుతుంది. ఆవిడ యూనిట్లు లెక్కకు వస్తున్నాయి, కానీ ఆ మేజర్ అడిగే కోర్సులు వాటిలో దాదాపు లేవు. కాల్‌క్యులస్ వరుస, లీనియర్ ఆల్జీబ్రా, డిస్క్రీట్ మ్యాథ్, ప్రోగ్రామింగ్ అన్నీ మిగిలే ఉన్నాయి.

పెద్ద వయసులో చదువు మొదలుపెట్టేవాళ్లలో ఇది నేను పదేపదే చూసేదే. లెక్కలంటే భయంతో వాటిని చివరికి నెడతారు, ఇష్టమైనవి ముందు పూర్తి చేస్తారు. లెక్కల్లో ఒకటి పాసైతేగాని తర్వాతది తీసుకోనివ్వరు. ప్రీకాల్‌క్యులస్ నుంచి మొదలైతే అక్కడికే నాలుగైదు టర్ములు. అందుకే మొదటి టర్ములోనే లెక్కలు పట్టుకోమని గట్టిగా చెబుతాను. 2017లో ఏబీ 705 చట్టం వచ్చాక ఒక మేలు జరిగింది. అంతకుముందు ప్లేస్‌మెంట్ పరీక్ష రాయించి, ఎందరినో కూడికలు, తీసివేతల స్థాయి నుంచి మొదలుపెట్టించేవారు. ట్రాన్స్‌ఫర్‌కు పనికిరాని ఆ క్లాసుల్లోనే విసిగి మానేసినవాళ్లు లెక్కలేనంతమంది.

తర్వాత పాత కాగితాలు. "ఇండియాలో ఫెయిలైన సబ్జెక్టులు కూడా చెప్పాలా?" అని ఆవిడ గొంతు తగ్గించి అడిగారు. చెప్పాలి. చదివిన ప్రతి కాలేజీ పేరూ దరఖాస్తులో ఉండాలి, దాచితే ఇచ్చిన సీటు కూడా రద్దు చేయవచ్చు. ఇక డిగ్రీ పూర్తిచేసి వచ్చినవాళ్లకు మరో మాట ముందే చెబుతాను. రెండో బ్యాచిలర్స్ కోసం యూసీ మామూలుగా తీసుకోదు. బీకాం చదివినావిడను రెండేళ్లు ఇక్కడ కూర్చోబెట్టి ఆ తర్వాత ఆ సంగతి చెప్పడం అన్యాయం. మాస్టర్స్‌కు కావలసిన కోర్సులు మాత్రం తీసుకోమంటాను.

సెప్టెంబరులో ట్యాగ్ దరఖాస్తులు. డేవిస్, శాంటాక్రజ్‌తో కలిపి ఆరు యూసీ క్యాంపస్‌లు, షరతులు నెరవేరితే సీటు ఖాయమని ముందే మాటిస్తాయి. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఇందులో లేవు. అన్ని మేజర్లకూ వర్తించదు కూడా. ఆ తర్వాత వ్యాసాలు: నాలుగు ప్రశ్నలు, ఒక్కోదానికి 350 మాటలు మించకూడదు. మనవాళ్లు భర్త ఉద్యోగం గురించి, పిల్లల ర్యాంకుల గురించి రాసి తెస్తారు. మీరేరీ అని అడుగుతాను. మంచాన పడ్డ అత్తగారి మందుల వేళలు, ఇన్సూరెన్సు కాగితాలు ఏళ్ల తరబడి చూసుకున్నది తెనాలి ఆవిడే. దాని గురించి ఒక్క వాక్యమైనా రాయలేదు. ఖాళీ అని సిగ్గుపడే ఆ ఏళ్లే దరఖాస్తు చదివేవాళ్లకు తెలియాలి.

ఫలితాలొచ్చాక ఇంట్లో చర్చ మొదలవుతుంది. బర్కిలీ వస్తే వదులుకుంటామా అంటారు. మూడో ఏడాది క్లాసులు, ల్యాబులు చాలావరకు పగటిపూట ఉంటాయి, పిల్లల బడి మధ్యాహ్నం మూడింటికే వదులుతారు. శాన్ హోసే స్టేట్‌లోనో, హేవర్డ్‌లోని ఈస్ట్ బేలోనో చేరి డిగ్రీ పూర్తిచేయడం, పెద్ద పేరున్నచోట చేరి మధ్యలో ఆగిపోవడం కంటే నూరు రెట్లు మేలని నా గట్టి నమ్మకం. ఎంచుకోవలసింది వాళ్లే, కానీ అడిగితే ఈ మాట దాచను.

చేరిన మొదటి టర్ములో గ్రేడ్లు తగ్గుతాయి. దీన్ని ట్రాన్స్‌ఫర్ షాక్ అంటారు. క్వార్టర్ పద్ధతి ఉన్నచోట పాఠాలు పది వారాలే, మూడో నాలుగో వారానికే మిడ్‌టర్మ్ వచ్చిపడుతుంది. వీలైతే ఆ టర్ము తక్కువ క్లాసులు తీసుకోమని, ప్రొఫెసర్ల ఆఫీస్ అవర్స్‌కు మొదటి వారం నుంచే వెళ్లమని చెప్పి పంపుతాను.

తెనాలి ఆవిడ లెక్కలన్నీ పూర్తిచేసి ఇప్పుడు స్టేట్ యూనివర్సిటీలో ఉన్నారు. మొన్న ఫోన్ చేసి, పగలు ఉద్యోగం చేసుకునేవాళ్లకు మీ దగ్గర సాయంత్రం లీనియర్ ఆల్జీబ్రా లేకపోవడం చాలా ఇబ్బంది, అదొక్కటి పెట్టించండి అన్నారు. చేరేవాళ్లు చాలరంటూ డీన్ వాయిదా వేస్తున్నారు. కావాలన్నవాళ్ల చేత సంతకాలు పెట్టిస్తున్నాను, స్ప్రింగ్ షెడ్యూలు ఖరారు కాకముందే ఇస్తాను.