అడ్డపొగ ఊళ్లో అడ్డుపడ్డ కార్ట్రిడ్జ్

టికెట్ మీద 'శ్రీకాకుళం రోడ్' అని ఉంటుంది. రైలు దిగితే మాత్రం అది ఆమదాలవలస. శ్రీకాకుళం టౌన్ ఇంకా పదమూడు కిలోమీటర్ల అవతల. ఆ సంగతి తెలియక దిగినోళ్లు "ఇదేటి, ఊరేదీ?" అని దిక్కులు చూస్తుంటే ఆటోవాళ్లకి రోజూ అదొక సరదా. స్టేషన్ కోడ్ ఇంకా తమాషా: సీ హెచ్ ఈ. శ్రీకాకుళాన్ని బ్రిటిష్‌వాళ్లు చికాకోల్ అనేవారు కదా, ఆ పేరు జనం నోట్లోంచి పోయింది గానీ రైల్వే యాప్‌లో అలాగే ఉండిపోయింది.

1890ల్లో వేసిన హౌరా–చెన్నై లైన్ ఇది. పండక్కి ఊరొచ్చి, కనుమ వెళ్లగానే చెన్నైకో హైదరాబాద్‌కో పనులకి తిరిగెళ్లే జనంతో ప్లాట్‌ఫామ్ కిటకిటలాడుతుంది. ఇదే లైన్లో ఇంకో సరుకు కూడా ప్రయాణం చేస్తుంటుంది. అల్లూరి జిల్లా ఏజెన్సీ నుంచి, ఒడిశాలోని కోరాపుట్, మల్కన్‌గిరి వైపు నుంచి కిందికి దిగే గంజాయి. ఆ మధ్య నుంచి ఆకుతో పాటు 'లిక్విడ్ గంజాయి' అని పేపర్లు రాసే హాష్ ఆయిల్ కూడా దొరుకుతోంది. పట్టుబడ్డ వార్తలు ఎప్పుడు చదివినా నాకు కనిపించేది బ్యాగు మోసిన కుర్రాళ్ల పేర్లే. సరుకు ఎవరిదో వాళ్ల పేరు రావడం అరుదు.

ఈసారి నాతో వచ్చింది మా పిన్ని కొడుకు. అమెరికాలో ఎమ్మెస్ చేసి అక్కడే ఉద్యోగంలో చేరాడు. మూడేళ్ల తర్వాత రావడం. వాణ్ని ముందు దన్ననపేట తీసుకెళ్లాను. ఆమదాలవలస పక్కనే ఉంటుంది, ఎవరూ రీల్స్ చేయరు పాపం. అక్కడ పొలాల మధ్య ఒక రాకాసి గూడు ఉంది. అంటే లోహాల కాలపు మనుషులు చనిపోయినవాళ్ల కోసం పేర్చిన రాళ్ల సమాధి. పైన కప్పిన బండ ఒక్కటే ముప్ఫై ఆరు అడుగుల పొడవు, పద్నాలుగు అడుగుల వెడల్పు, రెండడుగుల మందం. క్రేన్ లేని రోజుల్లో దాన్ని ఎలా ఎత్తారా అని మేం తలలు పట్టుకుంటుంటే, వాడి ఫోన్ మోగింది.

అమెరికా నుంచి రూమ్మేట్. అక్కడ అర్ధరాత్రి. వీడియోలో ఒక చిన్న గాజు గొట్టం చూపిస్తూ "బ్రో, కార్ట్ బ్లాక్ అయిపోయింది, ఎంత పీల్చినా రావట్లేదు, సూది పెట్టి పొడవనా?" అంటున్నాడు.

"సూది పెట్టకురా బాబూ, కాయిల్ పోతుంది" అని మా వాడు డాక్టర్‌లా మొదలెట్టాడు. ఫోన్ పెట్టేశాక నేను అడిగాను, అసలు అదేంటో చెప్పమని.

చెప్పాడు. గంజాయి నుంచి తీసిన నూనె నింపిన గొట్టం అది, చిటికెన వేలంత. అడుగున కాయిల్, దాని కింద బ్యాటరీ. నూనె వేడెక్కి ఆవిరై, మధ్యలో ఉన్న సన్న దారిలోంచి నోటికొస్తుంది. ఆ దారిలోనే ఆవిరి చల్లబడి మళ్లీ నూనెగా మారి గడ్డకడుతుంది. చలిలో వదిలేసినా, అడ్డంగా పడుకోబెట్టినా ఇంకా త్వరగా. నెయ్యి డబ్బా మూతి చలికాలంలో బిగుసుకుపోయినట్టన్నమాట. అరచేతిలో కాసేపు పట్టుకుని వెచ్చబరిస్తే, తక్కువ వోల్టేజ్ మీద కొన్ని సెకన్లు వేడిచేస్తే కరుగుతుంది. లైటర్ పెట్టకూడదు, గాజు పగులుతుంది. గట్టిగా పీలిస్తే మరిగే నూనె నోట్లోకొస్తుంది. నిలబెట్టి ఉంచడం, బ్యాటరీ కలిసేచోట దూదితో తుడవడం... మెయింటెనెన్స్ అంటే ఇంతేనట.

"మరి ఇన్ని తెలిసినవాడివి, ఎక్కడ కొన్నాడో అడగలేదేం?" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. "షాపులో ట్యాక్స్ ఎక్కువన్నయ్యా. ఎవడో ఫ్రెండ్ ఫ్రెండ్ దగ్గర నలభై డాలర్లకి కొన్నాడు. వారం నుంచి దగ్గుతున్నాడు కూడా."

అసలు విషయం అక్కడుంది. 2019లో అమెరికాలో ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తుండకపోవచ్చు. ఆ ఏడాది వేసవి నుంచి కుర్రాళ్లు ఊపిరాడక ఆసుపత్రుల్లో చేరడం మొదలైంది. 2020 ఫిబ్రవరి నాటికి లెక్క 2,807 కేసులు, 68 చావులు. ఎక్కువమంది వాడింది గంజాయి నూనె కార్ట్రిడ్జులే, అవీ ఎక్కువగా స్నేహితుల దగ్గరో వీధి డీలర్ల దగ్గరో కొన్నవి. ఊపిరితిత్తుల్లోంచి తీసిన ద్రవంలో విటమిన్ ఇ ఎసిటేట్ దొరికింది. అది అందులోకి ఎలా వచ్చిందంటే, కొనేవాళ్లు గొట్టాన్ని తలకిందులు చేసి చూసేవారు. లోపలి గాలిబుడగ నెమ్మదిగా కదిలితే చిక్కటి, మంచి సరుకని నమ్మకం. నూనెని పలచన చేసి అమ్మేవాళ్లకి ఆ చిక్కదనం కావాలి కాబట్టి దీన్ని కలిపారు. పాలల్లో నీళ్లు కలిపి, మళ్లీ చిక్కగా కనపడ్డానికి ఏదో పొడి కలపడం లాంటిదే. చర్మానికి రాసుకునేది ఊపిరితిత్తుల్లోకి పోయింది. అడ్డుపడ్డ గొట్టాన్ని బాగుచెయ్యొచ్చేమో గానీ, లోపల ఏముందో మూతి శుభ్రం చేస్తే తెలియదు.

మా వాడు అక్కణ్నుంచే మెసేజ్ పెట్టాడు: అది పారేసి, పొద్దున్నే డాక్టర్ దగ్గరికెళ్లు, ఏం పీల్చావో దాచకుండా చెప్పు అని. వెంటనే తిరుగు ప్రశ్న వచ్చింది. డిసెంబర్లో పెళ్లికి ఇండియా వస్తున్నాడట, కొత్తది ఒకటి బ్యాగులో పెట్టుకు రావచ్చా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు చాలామందే ఉంటారని నా అనుమానం. వద్దు. అక్కడి కొన్ని రాష్ట్రాల్లో 21 ఏళ్లు దాటితే షాపులో కొనుక్కోవచ్చు గానీ, ఫెడరల్ చట్టం దృష్టిలో అది ఇంకా నిషిద్ధమే, వీసాలు చూసేది ఆ ఫెడరల్ ప్రభుత్వమే. మన దగ్గరైతే రెండు చట్టాలు. 2019 ఈ-సిగరెట్ల నిషేధ చట్టం ప్రకారం వేప్ తేవడమే నేరం. మొదటిసారికే ఏడాది దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో. లోపలి నూనెకి 1985 ఎన్‌డీపీఎస్ చట్టం వేరే. ఆమదాలవలస రైల్లో బ్యాగు మోసే కుర్రాడికీ ఇదే చట్టం. గంజాయి 20 కిలోలు దాటితే కమర్షియల్ లెక్క, శిక్ష పదేళ్లకి తక్కువ ఉండదు, బెయిల్ కూడా చాలా కష్టం. హాషిష్ అయితే ఆ గీత కిలో దగ్గరే. అలవాటు మానాలనుకునేవాడికి అదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. చిన్న మొత్తంతో దొరికినవాడు తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకి వెళ్లి పూర్తిచేస్తే కేసు నుంచి రక్షణ దొరుకుతుంది. ఈ సంగతి పోస్టర్ల మీద కూడా రాస్తే బాగుణ్ను. మానడానికి సాయం కావాలంటే 14446, సమాచారం ఇవ్వాలంటే మన రాష్ట్ర ఈగల్ నంబర్ 1972.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అరుగు మీద మామ్మ చుట్ట కాలుస్తోంది. అడ్డపొగ. అంటే నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. బయటివాళ్లు చూస్తే బెదిరిపోతారు గానీ ఈ జిల్లా పల్లెల్లో పాతతరం ఆడవాళ్లకి మామూలే. 1971లో శ్రీకాకుళం జిల్లాలోనే 10,169 మంది పల్లె జనం నోళ్లు పరీక్షించి, ఈ అలవాటు అంగిలిని ఏం చేస్తుందో డాక్టర్లు బ్రిటిష్ జర్నల్లో రాశారు. నిప్పు ఆనేచోట తెల్ల మచ్చలు, కొందరిలో క్యాన్సర్. మామ్మ అంగిలి మీదా మచ్చ ఉంది. డాక్టర్ చెప్పాక రోజుకి ఒకటికి దిగింది, పూర్తిగా మానలేదు.

మా వాడు ఉండబట్టలేక ఆ గొట్టం కథంతా చెప్పాడు. మామ్మ శ్రద్ధగా విన్నది.

"చుట్ట బిగుసుకుపోతే రెండేళ్ల మధ్య నలిపితే పొగొస్తదిరా. దానికింత సదువేటి?" అంది. తర్వాత కాస్త ఆగి, "దగ్గుతన్న గుంటడికి అమ్మానాన్న ఉన్నారేటి? ఆళ్లకి సెప్పినారా?" అని అడిగింది.

చెప్పలేదు. మా వాడు ఫోన్ తీసి, రూమ్మేట్‌కి కాల్ కలిపాడు. అక్కడ అప్పుడే తెల్లారుతోంది.