ఫెల్ప్స్ సరస్సు ఒడ్డున పేర్ల వేట

నార్త్ కరోలినా రాజధాని రాలీ నుంచి 64వ నంబరు హైవే మీద తూర్పుగా వెళ్తే, రెండు గంటలు దాటాక క్రెస్వెల్ అనే చిన్న ఊరు వస్తుంది. రాలీ, కేరీల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లు వేసవిలో పిల్లల్ని తీసుకుని అవుటర్ బ్యాంక్స్ సముద్రతీరానికి వెళ్లేది ఈ దారినే. క్రెస్వెల్ దగ్గర హైవే దిగి దక్షిణానికి కొన్ని మైళ్లు పోతే ఫెల్ప్స్ సరస్సు. సుమారు 16,600 ఎకరాల్లో పరుచుకున్న, లోతు తక్కువ నీళ్లు. ఒడ్డునంతా సైప్రస్ చెట్లు. ఆ చెట్ల మధ్య రెండంతస్తుల వరండాలతో ఒక బంగళా. దీన్ని సోమర్‌సెట్ ప్లేస్ అంటారు. 1785 నుంచి 1865 దాకా, ఎనభై ఏళ్లలో, 800 మందికి పైగా బానిసలు బతికిన ప్లాంటేషన్ ఇది.

అంతకుముందు ఇదంతా చిత్తడి అడవి. మనిషి అడుగు పెట్టాలన్నా కష్టమే. దగ్గరలోని ఈడెన్‌టన్ రేవు వ్యాపారి జోసయ్య కాలిన్స్, మరో ఇద్దరు భాగస్వాములతో కలిసి ‘లేక్ కంపెనీ’ పెట్టి ఈ అడవిని చేజిక్కించుకున్నాడు. ఇక్కడి నేలకో విశేషం ఉంది: సరస్సు చుట్టుపక్కల నేల కంటే ఎత్తున ఉంటుంది. సరస్సు నుంచి స్కప్పర్‌నాంగ్ నది దాకా కాలువ తవ్వితే నీరు తనంతట తానే పల్లానికి పారుతుంది. చిత్తడి ఆరుతుంది, పొలాలకు తడి అందుతుంది, మిల్లులు తిరుగుతాయి, పడవలు నడుస్తాయి. లెక్క బాగానే ఉంది. తవ్వేదెవరు?

1786లో క్యామ్డెన్ అనే ఓడ పశ్చిమాఫ్రికా నుంచి 80 మందిని నేరుగా ఈడెన్‌టన్‌లో దింపింది. అమెరికా నేల, భాష, చలి ఏమీ తెలియని మనుషులు. వాళ్ల చేత, ఇక్కడున్న ఇతర బానిసల చేత పారలతో ఆరు మైళ్ల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు కాలువ తవ్వించారు. నడుము లోతు బురద, దోమలు, జ్వరాలు. ఆ రోజుల గురించి తర్వాతి కాలంలో ఒక జ్ఞాపకం నమోదైంది: కొందరు చీకటి పడ్డాక తమ దేశపు పాటలు పాడుకుంటూ, మూటలు భుజాన వేసుకుని, ఇంటికి వెళ్తున్నామనుకుని సరస్సులోకి నడిచిపోయేవారట. ఇది చదివాక ఆ సరస్సును ఊరికే అందమైన నీళ్లుగా చూడడం నాకు సాధ్యం కాలేదు.

మొదట వరి వేశారు. నీరు నిలిచే వరిపొలాలతో రోగాలు పెరిగాక మొక్కజొన్న, గోధుమలకు మారారు. 1830లో మనవడు మూడో జోసయ్య కాలిన్స్ చేతికి వచ్చాక బంగళా లేచింది. సరస్సు ఒడ్డున బానిసల ఇళ్లు వరుసగా వెలిశాయి, వాళ్లకో ఆసుపత్రి, ఒక ప్రార్థన మందిరం వచ్చాయి. 1860 నాటికి ఒక్క సోమర్‌సెట్‌లోనే 300 మందికి పైగా బానిసలు. క్రిస్మస్ నాడు వాళ్లు ముసుగులు, గుడ్డపీలికల వేషాలు కట్టి, వాయిద్యాలతో ఇల్లిల్లూ తిరిగి ఆడే ‘జాన్ కూనర్’ను ఎడ్వర్డ్ వారెన్ అనే డాక్టరు తన జ్ఞాపకాల్లో వర్ణించాడు. ఏడాది పొడవునా నోరు మెదపనివ్వని చోట, వాళ్లు తమ ఆటను అలా దాచుకున్నారు.

అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయింది. కాలిన్స్ కుటుంబం దివాలా తీసింది. 1939లో రాష్ట్రం ఈ స్థలాన్ని పార్కులో కలిపింది, 1969లో చారిత్రక స్థలంగా ప్రకటించింది. చాలాకాలం గైడ్లు చెప్పింది మాత్రం కాలిన్స్ వారి భోజనాల గది, కుర్చీలు, పింగాణీ గురించే. కాలువ తవ్విన చేతుల గురించి ఎవరూ అడగలేదు, గైడ్లూ చెప్పలేదు.

అడిగిన మనిషి డొరతీ స్ప్రూయిల్ రెడ్‌ఫర్డ్. వర్జీనియాలోని పోర్ట్స్‌మత్‌లో సాంఘిక సంక్షేమ శాఖలో ఉద్యోగం చేసేవారు. 1977లో అలెక్స్ హేలీ ‘రూట్స్’ టీవీలో వచ్చింది. సహవాసి అనువాదంలో ‘ఏడు తరాలు’గా మన చేతికి వచ్చిన పుస్తకమే అది. దాన్ని చూసిన కూతురు మనవాళ్లెక్కడివాళ్లని అడిగితే, రెడ్‌ఫర్డ్ దగ్గర జవాబు లేదు. దాదాపు పదేళ్లు దాని వెంటపడ్డారు. ఆ వెతుకులాటే ఆమెను సోమర్‌సెట్‌కు చేర్చింది.

ఆ పని ఎంత కష్టమో ఒక కాగితం చూస్తే తెలుస్తుంది. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు విడిగా పట్టికలుండేవి. పైన యజమాని పేరు. కింద వరుసగా వయసు, ఆడా మగా, ఒంటిరంగు. పేరు గడి మాత్రం లేదు. విముక్తి పొందిన నల్లవాళ్ల పేర్లు పూర్తిగా కనిపించేది 1870 లెక్కల్లోనే. వంశాలు వెతికేవాళ్లందరూ గోడకు తగిలినట్టు వచ్చి ఆగిపోయేది అక్కడే.

ఆ గోడకు అవతలికి వెళ్లాలంటే యజమాని ఇంటి కాగితాలు తిరగేయాలి. అమ్మకం పత్రాలు, వీలునామాలు, అప్పు కోసం తాకట్టు పెట్టిన దస్తావేజులు. మనిషిని ఆస్తిగా లెక్కకట్టినవాడు పేరు రాయక తప్పదు కదా, ఏ పేరుకు ఎంత ధర అని. రెడ్‌ఫర్డ్ ఈడెన్‌టన్ కోర్టు రికార్డుల్లో, రాలీలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, కాలిన్స్ వారి పత్రాల్లో ఆ జాబితాలను పట్టుకున్నారు. చిక్కు మరొకటి. విముక్తులైనవాళ్లలో చాలామంది కాలిన్స్ ఇంటిపేరు పెట్టుకోలేదు. లిటిల్‌జాన్, కబారస్ లాంటి పాత యజమానుల ఇంటిపేర్లు వారితో పాటే వచ్చాయి. కాబట్టి ఒక్కో పేరూ, వయసూ, తల్లీబిడ్డల జట్టూ 1870 లెక్కతో సరిపోల్చుకుంటూ పోవాలి. తన పూర్వీకులను వెతుకుతూ బయల్దేరిన ఆమెకు పక్కింటివాళ్ల వంశాలు కూడా దొరికాయి. ఆ కుటుంబాలను ఒక్కొక్కటిగా వెతికి కబురు పెట్టారు.

క్యామ్డెన్ వచ్చిన 200 ఏళ్లకు, 1986 ఆగస్టు 30న, సోమర్‌సెట్‌లో సమావేశం జరిగింది. రెండు వేల మందికి పైగా వారసులు వచ్చారు. ఒకే తోటలో పుట్టిన పూర్వీకులున్నారని ఎన్నడూ తెలియనివాళ్లు అక్కడ బంధువులై నిలబడ్డారు. హేలీ కూడా వచ్చారు. 1988లో రెడ్‌ఫర్డ్ రాసిన ‘సోమర్‌సెట్ హోమ్‌కమింగ్’ పుస్తకం వెలువడింది. తర్వాత ఆ స్థలం నిర్వహణ రెడ్‌ఫర్డ్‌కే అప్పగించారు. తవ్వకాల్లో తేలిన పునాదుల ఆధారంగా బానిసల ఇళ్లు, ఆసుపత్రి మళ్లీ కట్టించారు. 2008 దాకా ఆమె అక్కడే ఉన్నారు. ఈ దేశంలో ప్లాంటేషన్ల కథ చెప్పే తీరు మారడంలో ఆమె పట్టుదలకు పెద్ద భాగం ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

అవుటర్ బ్యాంక్స్ వెళ్లే తెలుగు కుటుంబాలు ఈసారి క్రెస్వెల్ దగ్గర బండి ఆపాలి. బంగళా తర్వాత చూడొచ్చు. ముందు కాలువ గట్టున కాసేపు నడవండి, తర్వాత కుటుంబాలు ఇరుకుగా కాపురం చేసిన ఆ చెక్క ఇళ్లలోకి వెళ్లండి. పిల్లలు ప్రశ్నలు అడుగుతారు. ఆ కుటుంబాల పేర్లు చెప్పేంత సమాచారం ఇప్పుడు అక్కడుంది.